చీటీలో దిష్టి చుక్క

164వ రోజు

ఈ పుస్తకం నాది. గోడని నడిపే మండలికి రోజూ ఇచ్చే చిట్టా వేరు, ఇది వేరు. ఉప్పుగాలికి ఇక్కడ ఏ యంత్రమూ ఏడాది మించి బతకదు కాబట్టి గోడ పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే ఒక కాగితాల పుస్తకం, రెండు పెన్సిళ్ళు ఇస్తారు. చాలామంది ఆ కాగితాలు చింపి ఎండుచేపలు చుట్టుకుంటారు. నేను మాత్రం రోజులు రాస్తున్నాను. ప్రొబేషన్ నూట ఎనభై రోజులు. ఇంకా పదహారున్నాయి.

పొద్దున్న ఆరింటికి, గోడ పొడుగునా పాతిన అంకెల రాళ్ళలో ఇరవయ్యో రాయి దగ్గర మొదలుపెట్టి ఇరవయ్యారో రాయి దాకా గోడ విన్నాను. వెళ్ళేటప్పుడు భుజం ఎత్తున వినాలి, తిరిగి వచ్చేటప్పుడు మోకాలి ఎత్తున. మా పని వినడమే. చేతిలో టేకు గడ ఉంటుంది, దాని కొసన ఇత్తడి తొడుగు. తొడుగు గోడకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే లోపలి సంగతి తెలుస్తుంది. గోడ గట్టిగా ఉన్నచోట సముద్రం ఎక్కడో దూరంగా గొణుగుతుంది. లోపల గుల్ల పడితే ఆ గొంతు దగ్గరికి వచ్చేస్తుంది. ఇవతల మా ఇళ్ళు, బడి, చేపలు ఎండబెట్టే పందిళ్ళు. అవతల సముద్రం, మా ఇళ్ళ కప్పుల కంటే రెండు నిలువుల ఎత్తున.

ఇవాళ ఒక్క గుల్ల కూడా వినపడలేదు. అయినా చిట్టాలో 'ఇరవై మూడో రాయి దగ్గర చిన్న గుల్ల, అనుమానం' అని రాశాను. అది దిష్టి చుక్క. చేరిన కొత్తలో నాకు పని నేర్పిన నూకరత్నం పిన్ని మొదటిరోజే చెప్పింది.

"అంతా బాగుందని రాయకే తల్లీ. ఎవరి కన్ను ఎలాంటిదో. ఓ చుక్క ఎట్టి రాయి."

పాత మట్టికట్ట తెగిన ముందురోజు చిట్టాలో 'కట్టలో ఏ లోపమూ లేదు' అని రాసి ఉందట. ఆ తర్వాత ఈ గోడ మీద ఆ మాట రాసిన చెయ్యి లేదు. అబద్ధం రాయాలంటే మొదట్లో రాసి, చెరిపి, మళ్ళీ రాసేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయింది.

171వ రోజు

నన్ను తీసేశారు.

మధ్యాహ్నం కాలవలో మండలి పడవ వచ్చి ఉత్తరాల సంచి ఇచ్చి వెళ్ళింది. మా పన్నెండు మందికీ పెద్ద సత్తిరాజు గారు. ఆయన నా ఉత్తరం నాకిచ్చి, నేను చదివాక మళ్ళీ తీసుకుని తను చదివాడు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూశాడు. అందులో ఉన్నది రెండు వాక్యాలు. 'మీ ప్రొబేషన్‌ను ఇంతటితో ముగిస్తున్నాము. గడ, కోటు, గది తాళం పది రోజుల్లో అప్పగించగలరు.'

"ఎందుకంట బాబాయ్?" అన్నాను.

"రాయలేదమ్మా," అన్నాడాయన. ఆయన మొహం పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

నా వయసు ముప్పై నాలుగు. ఈ పనికి ముందు పదేళ్ళు సున్నం బట్టీలో ఆల్చిప్పలు ఏరాను. ఇప్పుడు బట్టీలు లేవు. మా ఊరు గోడకి అవతల ఉంది. ఈ తీరం మీద మిగిలిన పని గోడ పని ఒక్కటే. ఇది పోతే మెట్టకి వెళ్ళి ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి. అంట్లు తోమడం తప్పని కాదు. నాకు గోడ వినడం వచ్చు, అదీ నా బాధ.

గది గుమ్మంలో కూర్చుని ఆలోచిస్తే తోచింది ఒకటే. నా చుక్కలే నన్ను ముంచి ఉంటాయి. నూట డెబ్బై రోజులు, నూట డెబ్బై అబద్ధపు గుల్లలు. ఇదివరకు మెట్టలోని మండలి ఆఫీసులో మా చిట్టాలు మనుషులు చదివేవాళ్ళు. ఇప్పుడు యంత్రం చదువుతోంది. దానికి దిష్టి సంగతి ఏం తెలుస్తుంది?

172వ రోజు

సత్తిరాజు గారు పొద్దున్నే నియమాల పుస్తకం పాలిథీన్ సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన దాన్ని మూడోసారో నాలుగోసారో తెరిచాడట. కాగితాలు అంటుకుపోయి ఉన్నాయి. పదకొండో నియమం ఇద్దరం కలిసి చదివాం.

నాకు అర్థమైనంత వరకు విషయం ఇదీ. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళని మండలి కారణం చెప్పకుండా తీసేయవచ్చు. అలా తీసేస్తే నా పని కార్డు మీద మచ్చ పడదు, దివిసీమ గోడకో ఇంకో గోడకో వెళ్ళి అడుక్కోవచ్చు. లేదా మూడు రోజుల లోపల కారణం రాసివ్వమని అడగవచ్చు. అడిగితే రాసివ్వాలి, రాశాక విచారణ పెట్టాలి, నా మీద రాసినవాళ్ళని నేను ప్రశ్నలు అడగనివ్వాలి. అప్పుడు గెలిస్తే ఉద్యోగం ఉంటుంది. ఓడితే ఆ కారణం కార్డు మీద ఎక్కుతుంది, ఇక ఏ గోడా నన్ను దగ్గరికి రానివ్వదు.

"ఎల్లిపో అమ్మా," అన్నాడు సత్తిరాజు గారు పుస్తకం మూసేస్తూ. "కార్డు శుభ్రంగా ఉంది. దివిసీమలో మా తోడల్లుడున్నాడు, ఉత్తరం రాసిత్తాను."

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. పాపం, బాధపడుతున్నాడనుకున్నాను.

సాయంత్రం నూకరత్నం పిన్ని చారు తెచ్చింది. పిన్ని అరవై దాటిన మనిషి, గడ లేకుండా అరచెయ్యి ఆనించి గుల్ల చెప్పేస్తుంది. చారు గిన్నె కింద పెట్టి నా పక్కన గుమ్మంలో కూర్చుంది.

"కారణం అడుగుతావా?" అంది.

"ఇంకా అనుకోలేదు పిన్నీ."

"అడిగితే చుక్కల సంగతి బయటికొత్తాది. నేనే నేర్పానని కూడా వత్తాది. నాకేం కాదులే, పర్మినెంటు మనిషిని. మిగతా పిల్లలు భయపడతన్నారు." గిన్నె నా వైపు జరిపి, "నువ్వడుగు. నేను కాదనను. చెప్పకపోతే బాగోదని చెప్పానంతే," అంది.

173వ రోజు

అడిగాను.

కార్డు శుభ్రంగా ఉంటే దివిసీమ వెళ్ళవచ్చు, నిజమే. వెళ్ళి ఏం చేస్తాను? ఇక్కడ ఏ తప్పు చేశానో తెలియకపోతే అక్కడా అదే తప్పు చేస్తాను. అక్కడా నూట డెబ్బయ్యొకటో రోజున పడవలో ఉత్తరం వస్తుంది. నన్ను తీసేసినందుకు కోపం ఉంది కానీ, ఎందుకో చెప్పనందుకు ఉన్నంత లేదు. ఆర్నెల్లు నన్ను ఎవరో చూస్తూ, తూస్తూ, నాతో ఒక్క ముక్క అనకుండా తీర్పు రాసుకున్నారు. అది ఎవరో, ఏం రాశారో నాకు తెలియాలి.

అర్జీ మూడు వాక్యాల్లో రాసి పడవవాడి చేతికి నేనే ఇచ్చాను. విచారణ అయ్యేదాకా గది నాదే, గడ మాత్రం ఇచ్చేయాలి. సత్తిరాజు గారు దాన్ని తీసుకుని, అలవాటు కొద్దీ తొడుగు నూనెగుడ్డతో తుడిచి మూల పెట్టాడు.

177వ రోజు

పని లేని మనిషికి పగలు ఇంత పొడుగుంటుందని తెలియదు. ఎండుచేపలు తిరగేశాను, అందరి కోట్లూ ఉప్పు దులిపాను. గోడ పక్కగా వెళ్ళినప్పుడల్లా చెవి దానంతటదే అటు తిరుగుతోంది.

ఇవాళ కారణం వచ్చింది. మొదటి వాక్యం చదివి ఆశ్చర్యపోయాను. 'మీ రోజువారీ చిట్టాలు సంతృప్తికరంగా ఉన్నవి.' గోడ చిట్టాల్లో రోజుకొక చుక్క ఉంటుందని మెట్టలో అందరికీ తెలుసట. రిటైరయ్యే ముందు పాత గుమస్తా ఎవరో రోజుకి ఒక అనుమానం వదిలేయమని యంత్రానికి నేర్పి వెళ్ళాడట.

నన్ను తీసేసింది నా చుక్కలకి కాదు, నెల చీటీలకి. ప్రొబేషన్ మనిషి గురించి పై అధికారి ప్రతి నెలాఖరునా రాసి పంపే చీటీ అది. ఆరు చీటీల నకళ్ళు జతపరిచారు. మొదటి నెల నేను షిఫ్టుకి ఆలస్యంగా వచ్చానట. రెండో నెల గడ సరిగ్గా తుడవలేదట. మూడో నెల పని మధ్యలో పాటలు పాడుతున్నానట. జన్మలో ఎప్పుడూ పాడలేదు, నా గొంతు నాకు తెలుసు. తర్వాత ఎదురు మాట్లాడతానట, తొందర ఎక్కువట, శ్రద్ధ చాలదట. ఆరు నెలలు, ఆరు లోపాలు, ఒక్కటీ దిద్దుకోలేదు కాబట్టి పనికి తగనని యంత్రం తేల్చింది. ప్రతి చీటీ కిందా 'లోపం ఉద్యోగికి తెలియజేయడమైనది' అని అచ్చు వేసి ఉంది. దాని కింద సత్తిరాజు గారి సంతకం.

ఆయన నన్ను అమ్మాయ్ అని పిలుస్తాడు. వానపడితే తన గొడుగు ఇచ్చి తను తడుస్తాడు. ఆ సంతకం చూసి, కాగితాలు మడిచి బయటికి వచ్చి నిలబడ్డాను.

178వ రోజు

మధ్యాహ్నం చేపల పందిట్లో సత్తిరాజు గారు ఒక్కడే టీ తాగుతున్నాడు. ఆరు కాగితాలూ ఆయన ముందు పరిచాను.

"నేను పాటలు పాడతానా బాబాయ్?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కాగితాలు ఒక్కొక్కటే చూశాడు.

"పైన రాసింది చదివావా అమ్మాయ్?" అన్నాడు.

చదవలేదు. లోపం అన్నచోట మాత్రం చదివి ఆగిపోయాను. ఇప్పుడు చూశాను. ప్రతి చీటీలోనూ పైన పది పన్నెండు వాక్యాలున్నాయి. 'ఇంత నేర్పుగా గుల్ల పట్టే మనిషిని నా సర్వీసులో చూడలేదు.' 'వానలో కూడా ఏడు రాళ్ళూ పూర్తి చేసింది.' 'ఈమె గోడకి దొరకడం మా అదృష్టం.'

"అంత మంచి రాసి అలా వదిలేత్తే నీకేదైనా అవుద్దని భయమేసింది," అన్నాడు. "గోడకే పెడతాం కదా, మనిషికి పెట్టమా? కింద ఓ చుక్క పెట్టాను. చిన్న చిన్నయ్యే ఏరి పెట్టాను. ఎవరూ పట్టించుకోనియ్యి."

యంత్రం వచ్చాక ఈ గోడ మీద కొత్తగా చేరిన మొదటి మనిషిని నేనే. గోడ చిట్టాలో చుక్క వదిలేయమని దానికి నేర్పినవాళ్ళకి మనుషుల చీటీల్లోనూ చుక్కలుంటాయని తట్టలేదు. అది పైన రాసిన పొగడ్త దాటేసి, లోపం అన్న గడి మాత్రం చదువుకుంది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నన్నంత మెచ్చుకున్న మనిషి ఇంకొకడు లేడు. ఆ మెప్పు వల్లే నా ఉద్యోగం పోయింది.

"విచారణలో చెప్తారా బాబాయ్?"

ఆయన గ్లాసు తీసుకుని లేచాడు. అధికారపత్రంలో అబద్ధం రాసినవాడికి ఏమవుతుందో ఆ నియమాల పుస్తకంలోనే ఉంది, ఇద్దరం చదివాం. ఇంకో పద్నాలుగు నెలల్లో ఆయన రిటైర్మెంటు. ఇప్పటిదాకా ఫైల్లో ఒక్క గీత లేదు.

186వ రోజు

లెక్క ప్రకారం నాకు నూట ఎనభయ్యారో రోజు లేదు. అయినా రాస్తున్నాను.

విచారణ బడిలో జరిగింది. మెట్ట నుంచి పరిమళ గారని ఒక అధికారి వచ్చారు. సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నారు. వచ్చీ రాగానే కిటికీలోంచి గోడ వైపు, దాని ఎత్తు వైపు చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. మెట్టవాళ్ళందరూ అదే చేస్తారు. మా వాళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. నూకరత్నం పిన్ని ముందు బెంచీలో ఉంది.

"మీ మీద చీటీలు రాసిన అధికారిని మీరు ప్రశ్నించవచ్చు," అన్నారు పరిమళ గారు.

వారం రోజులుగా ఒకటే ప్రశ్న తయారు చేసుకున్నాను. 'మీరు రాసింది నిజమా?' ఆయన నిజమంటే నేను పోతాను, కాదంటే ఆయన పోతాడు. లేచి నిలబడ్డాక ఆయన చేతులు చూశాను. మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా కూర్చున్నాడు. ఆ ప్రశ్న నా నోట్లోంచి రాలేదు.

"సత్తిరాజు గారూ, ఈ ఆరింటిలో ఒక్కటైనా నాకు చెప్పారా?" అని అడిగాను.

ఆయన తలెత్తాడు. ఇది అడుగుతానని ఆయన అనుకోలేదు.

"లేదండి," అన్నాడు.

"తెలియజేసినట్టు సంతకం ఉంది కదా," అన్నారు పరిమళ గారు.

"అది అచ్చు మాటండి. ముందే ఉంటాది. కింద సంతకం పెట్టేత్తామండి."

నియమం ప్రకారం నాకు అది చాలు. లోపం చెప్పాలి, దిద్దుకోవడానికి గడువివ్వాలి, అప్పుడే దాన్ని పట్టుకుని తీసేయాలి. చెప్పని తప్పుకి తీసేయడానికి లేదు. నేను కూర్చోబోయాను. సత్తిరాజు గారు మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఇంకో మాటండి," అన్నాడు. "ఆ ఆరూ అబద్ధాలండి. ఈ అమ్మాయి ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. పాటలు పాడదు. దిష్టి తగలకుండా నేనే రాశాను."

పరిమళ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు.

"మా అమ్మమ్మ కూడా నా బుగ్గన పెట్టేది," అన్నారు. "కానీ సత్తిరాజు గారూ, లోపాలు అబద్ధమని మీరే అంటున్నారు. అలాంటప్పుడు పైన రాసిన మెప్పు నిజమని నేనెలా నమ్మను? ఈ గోడ కింద పద్దెనిమిది వేల మంది ఉన్నారు. ఈమె నిజంగా బాగా వింటుందో లేదో ఈ కాగితాలు చూసి నాకు తెలియడం లేదు."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను కానీ ఆవిడ అన్నది న్యాయంగానే ఉంది.

తీర్పు అప్పుడే చదివారు. నన్ను తీసేయడం చెల్లదు. ప్రొబేషన్ పూర్తయినట్టూ కాదు, మళ్ళీ మొదటి రోజు నుంచి నూట ఎనభై రోజులు. నెల చీటీ ఇకమీద ఉద్యోగి ఎదుట చదివి వినిపించాలి, ఉద్యోగి సంతకం లేకుండా పంపకూడదు. సత్తిరాజు గారి ఫైల్లో హెచ్చరిక. నా చీటీలు రాసేది మళ్ళీ ఆయనే, ఎందుకంటే నా పని చూసింది ఆయనొక్కడే. ఈసారి నిజం రాయాలి.

బయటికి వచ్చాక పిన్ని నా భుజం పట్టుకుంది. "గెలిచినట్టేనా?" అని అడిగింది. "ఏమో పిన్నీ," అన్నాను.

కొత్త లెక్క, 1వ రోజు

గడ చేతికొచ్చింది. సత్తిరాజు గారు తొడుగు తుడిచి ఇచ్చాడు. ఇరవయ్యో రాయి దగ్గర మొదటిసారి చెవి ఆనించినప్పుడు మాత్రం మామూలు కంటే ఎక్కువసేపు విన్నాను. సముద్రం దూరంగానే ఉంది. ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు.

30వ రోజు

ఇవాళ నెల చీటీ.

సత్తిరాజు గారు పొద్దున్న నుంచి నన్ను తప్పించుకు తిరిగాడు. షిఫ్టు అయ్యాక నేనే వెళ్ళి ఆయన గదిలో కూర్చున్నాను. కాగితం చేతిలో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. మెప్పు మూడు వాక్యాలే ఉంది. చదివి ఆగాడు.

"చదవండి బాబాయ్."

"'లోపం. గడ ఎప్పుడూ కుడి చెవికే పెడుతుంది. ఎడమ చెవి మందం. వెళ్ళేటప్పుడు గోడ కుడి పక్కన ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ పక్కకి వస్తుంది. వంగి, మెడ తిప్పి వినాల్సి రావడంతో చివరి రెండు రాళ్ళ దగ్గర అలసిపోయి తొందరగా దాటేస్తోంది. ఈ నెలలో అక్కడ రెండు గుల్లలు వదిలేసింది.'"

నేను ఎడమ చెవి పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి ఉన్న చెవి, దానికి ఎంత వినపడాలో నాకెలా తెలుస్తుంది?

"ఇదీ చుక్కేనా?" అన్నాను. చుక్క అని చెబితే బాగుండుననిపించింది.

"కాదమ్మా."

"ఆ రెండు గుల్లలూ?"

"నేను వెనకాల వచ్చి విన్నాను. పూడ్పించేశాను."

"ఈ నెలలోనే గమనించారా?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టి దాని మడత సరిచేశాడు. "మొదటి నెల నుంచీ తెలుసు. రోజూ నీ వెనకాల ఆ రెండు రాళ్ళూ నేను వింటానే ఉన్నాను. నీతో చెప్తే చీటీలో రాయాలి. రాత్తే తీసేత్తారని..."

పాటలు పాడుతుందని రాశాడు, గడ తుడవదని రాశాడు. ఉన్న ఒక్క నిజమైన లోపం మాత్రం నాకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆయన రిటైరయ్యాక ఆ రెండు రాళ్ళ దగ్గర నా వెనకాల ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అక్కడ గోడ కింద ఉన్నది బడి.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద అరిచాను కూడా, ఏమేం అన్నానో ఇక్కడ రాయను. ఆయన అంతా విన్నాడు. తర్వాత సిగ్గేసింది. అదీ తగ్గాక, నా ఎదురుగా ఉన్న మనిషి ఈ చీటీ రాయడానికి ఎంత భయపడి ఉంటాడో అర్థమైంది.

"ఏం చేస్తే బాగుపడుతుంది?" అని అడిగాను.

"ఆ రెండు రాళ్ళ దగ్గర మోకాలి ఎత్తున కూడా పొద్దున్న వెళ్ళేటప్పుడే విను. ఒళ్ళు అలవకముందే అయిపోతాయి. ఎడమ చెవికి సాధన ఎలాగో నూకరత్నాన్ని అడుగుదాం. తనకీ ఓ చెవి పోయింది, అందుకే అరచెయ్యి నేర్చుకుంది."

కాగితం నా వైపు తిప్పాడు. అడుగున కొత్తగా ఒక గీత గీసి ఉంది, 'నాకు చెప్పారు' అని రాసి, పక్కన సంతకానికి చోటు వదిలారు. పెన్సిలు తీసుకుని పేరు మొత్తం రాశాను, మైలపల్లి హంస.

"ఇంకా ఎన్ని రోజులున్నాయి బాబాయ్?"

"నూట యాభై," అన్నాడు.